బరి వెలుపలి సంవత్సరములు

గడచిన వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా పూర్వశిష్యు డొకడు మమ్ము చూడవచ్చెను. చదువుకొను దినములలో అతడు మా పాఠశాలలో పరుగుపందెములకు పేరుపొందినవాడు. ఇప్పుడు ఇరువదియెనిమిదేండ్ల వయస్సున పట్టణమునందలి ఒక వ్యాయామశాలలో పిల్లలకు కసరత్తు నేర్పి జీవించుచున్నాడు. కుశలప్రశ్నలైన పిమ్మట సంచిలోనుండి ఒక కాగితముల కట్టను తీసి బల్లపై నుంచెను. అతనియొద్ద ముష్టియుద్ధము నేర్చుకొనుచున్న పదునాఱేండ్ల బాలిక యొకతె కలదట. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లోను 2023లోను ప్రపంచవిజేత యైననాటినుండి మన యిండ్ల ఆడపిల్లలు పెక్కుమంది ఈ విద్యకు వచ్చుచున్నారు. ఆ బాలికకు చేతితొడుగులును ప్రయాణపు ఖర్చులును ఇచ్చెదమని ఒక సంస్థవారు ముందుకు వచ్చి, ఒప్పందపత్రమును పంపిరి. అది ఆంగ్లములో నున్నది. తండ్రి సంతకము కావలెను.

“దీంట్లో ఏముందో తమరు చదివి చెప్పాలి మాస్టారూ” అని అతడనెను. మేము కండ్లద్దములు వెదకుకొనుచుండగా, “దానికి ముందు ఇది చూడండి” అని తన చేతిఫోనులో ఒక ముష్టియుద్ధమును చూపెను.

మాకు ఆ విద్యయం దభిరుచి యెన్నడును లేదు. ఒకని ముఖమును మఱియొకడు పిడికిళ్లతో పగులగొట్టుచుండ వేలకొలది జనులు చప్పట్లు చఱచుట నాగరికతాలక్షణమా యని తరగతిలో పలుమారు లడిగియున్నాము. అయినను శిష్యుని మాట కాదనలేక చూచితిమి. నిదానస్థుడైన యోధు డొకడు, ఏ తొందరయు లేక, లెక్క వ్రాసుకొనువానివలె ప్రత్యర్థిని గమనించుచు, అయిదవ ఆవృత్తములో అతనిని పడగొట్టెను.

“ఇందులో విశేషమేమి?” అని యడిగితిమి.

“ఈయన దీనికి ముందు తొమ్మిదివందల పదిహేడు రోజులు బరిలోకి దిగలేదండి.”

“గాయపడినాడా?”

“లేదండి. ఓడిపోనూ లేదు. కాంట్రాక్టు తగువు.”

ఆ మాట యనుచు అతడు మావైపు చూడలేదు. మేమును అతనివైపు చూడలేకపోతిమి. ఏల యనునది తరువాత చెప్పెదము. ముందు ఆ యోధుని వృత్తాంతము.

అతని పేరు మైకీ గార్సియా. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఆక్స్‌నార్డ్ అను ఊరివాడు. 1987 డిసెంబరులో జన్మించెను. తండ్రి ఎడ్వార్డో మెక్సికోనుండి వచ్చి, స్ట్రాబెర్రీ తోటలలో కూలిపని చేసి, పిల్లలకు ముష్టియుద్ధము నేర్పినవాడు. అన్న రాబర్ట్ 1998లో ప్రపంచబిరుదును గడించి, పిమ్మట శిక్షకుడైనవాడు. ఇట్టి యింట పుట్టిన మైకీ 2006లో వృత్తియోధుడుగా బరిలో దిగెను. 2013 జనవరిలో ఆర్లాండో సలిడోను ఓడించి 126 పౌండ్ల తరగతిలో బిరుదమును, ఆ యేటి నవంబరులో రోమన్ మార్టినెజ్‌ను పడగొట్టి 130 పౌండ్ల తరగతిలో మఱియొక బిరుదమును పొందెను. 2014 జనవరి 25వ తేదీన న్యూయార్కులో హువాన్ కార్లోస్ బుర్గోస్‌పై గెలిచెను. అప్పటికి అతడు 34 పోటీలలో పాల్గొని అన్నింటను గెలిచియుండెను. వయస్సు 26 ఏండ్లు. ఆ విజయము వెనుక వచ్చినది మఱియొక విజయము కాదు, వ్యాజ్యము.

ఈ వ్యాపారపు తీరును పాఠకులకు కొంత చెప్పవలసియున్నది. వృత్తియోధునికి ఇద్దరు మనుష్యులు కావలెను. మొదటివాడు ప్రమోటరు. పందెమును ఏర్పాటు చేయుట, ప్రదర్శనశాలను మాటలాడుట, టెలివిజనువారితో బేరము కుదుర్చుట, టిక్కెట్లు అమ్మించి యోధులకు పైకమిచ్చుట ఇతని పనులు. రెండవవాడు మేనేజరు. యోధుని పక్షమున ప్రమోటరుతో బేరమాడుట ఇతని పని. తక్కువ ఇచ్చుట ప్రమోటరునకు లాభము; ఎక్కువ రాబట్టుట మేనేజరునకు ధర్మము. వధూవరుల యిరుపక్షములకును ఒక్కడే పెద్దయై కూర్చున్నచో ఎవరి మంచిచెడ్డ లెవరు చూచెదరు? ఇచటను అంతే. తన ప్రమోటరైన టాప్ ర్యాంక్ సంస్థవారు ఆచరణలో మేనేజరు పనియు తామే చేసి ధర్మము తప్పిరన్నది 2014లో గార్సియా వేసిన వ్యాజ్యములోని ఆరోపణలలో ఒకటి. ఆ సంస్థకు అధిపతి బాబ్ ఆరమ్, హార్వర్డులో న్యాయశాస్త్రము చదివినవాడు. 1966నుండి పందెములను నడిపించినవాడు. సంస్థ ఈ ఆరోపణలను అంగీకరింపలేదు.

ఎవరిది న్యాయము? న్యాయస్థానము తేల్చకమున్నే 2016లో ఇరుపక్షములవారును రాజీపడి విడిపోయిరి. కావున దోషి యెవరో నిర్ణయించు పని మాది కాదు. ప్రమోటరు పక్షమునను చెప్పదగిన మాట కలదు. అనామకుడైన పడుచువానిని చేరదీసి, ఎవరును చూడని చిన్న పందెములకు డబ్బు ఖర్చుపెట్టి పెంచిన పిమ్మట, చెట్టు కాపునకు వచ్చువేళ అతడు గోడ దాటిపోయినచో, ఇక ఎవరు మాత్రము మొక్కలు నాటుదురు? గార్సియాయు తప్పులేనివాడు కాడు. 2013 జూన్‌లో 126 పౌండ్ల పందెమునకు రెండు పౌండ్లు ఎక్కువ తూగి, పిడికిలి ఎత్తకముందే తన మొదటి బిరుదమును త్రాసుమీదనే పోగొట్టుకొన్నాడు. మాట నిలుపుకొనుట యిరువురికిని విధియే. ఒప్పందములే వలదనుట మా మతము కాదు.

మాకు తోచిన చిక్కు వేఱు. తగవు నడచిన ఆ రెండున్నర సంవత్సరములలో ఎవరెవరికి ఏమి జరిగినది? సంస్థకు ఇతర యోధులు చాలమంది కలరు. వారి పందెములు యథాప్రకారము సాగెను. న్యాయవాదులకు పని దొరకెను. ఒప్పందము తేలనంతవఱకు గార్సియాకు మాత్రము బరి లేదు. 2013 జనవరినుండి 2014 జనవరివఱకు ఒక్క యేడాదిలో నాలుగు పందెములాడిన మనిషి, ఆపై 917 దినములలో ఒక్కటియు ఆడలేదు. 130 పౌండ్ల బిరుదము చేజారెను. ఇరువది యాఱవ యేట బరినుండి వెడలినవాడు ఇరువది యెనిమిదవ యేట తిరిగి వచ్చెను.

ఆ వయస్సు ఎట్టిదో మఱియొక కథవలన తెలియును. ముహమ్మదాలీ వియత్నాము యుద్ధమునకు పోనని 1967లో సైన్యమున చేరుటకు నిరాకరింపగా, అతని బిరుదమును ఊడబెఱికి, పందెములకు అనుమతి లేకుండ చేసిరి. అతడు మరల బరిలో దిగినది 1970 అక్టోబరులో. ఇరువదియైదవ యేట వెడలి ఇరువదియెనిమిదవ యేట వచ్చెను. 1971లో అత్యున్నత న్యాయస్థానము అతనికి పడిన శిక్షను కొట్టివేసెను. కాని ఆ మూడేండ్లను తెచ్చి యిచ్చు అధికారము ఏ న్యాయస్థానమునకును లేదు. అలీని ఆపినది ప్రభుత్వము. దానిని లోకమంతయు చూచినది, నిరసించినది. గార్సియాను ఆపినది ఒక కాగితము. దానికై ఊరేగింపులు జరుగలేదు.

ఉపాధ్యాయుడు మూడేండ్లు పాఠము చెప్పకున్నను మరల చెప్పగలడు. వైయాకరణునికి యేబదియవ యేట బుద్ధి పక్వమగును. కంటికంటె చేయి ముందుండవలసిన వృత్తి అట్టిది కాదు. రైతునకు పొలము, వర్తకునకు సరకు ఎట్లో, యోధునకు ఆ పదిపన్నెండేండ్ల యౌవన మట్టిది. అది ధాన్యమువలె గాదెలో నిలువయుండదు. కావున ఒప్పందపు తగవు అనునది సమానుల మధ్య తగవు కాదు. ఎవడు వేచియుండగలడో వాడు సగము గెలిచినట్లే. న్యాయము పక్షమున నున్నను, కాలము పక్షమున లేనివాడు ఓడును.

“తిరిగి వచ్చి గెలిచెను గదా, నష్టమేమి?” అని కొంద రడుగవచ్చును. నిజమే. 2016 జులై 30వ తేదీన బ్రూక్లిన్‌లో ఎలియో రోహాస్‌ను పడగొట్టెను. మా శిష్యుడు చూపినది ఆ పందెమే. 2017 జనవరిలో డెయాన్ జ్లాటిచానిన్‌ను మూడవ ఆవృత్తములో కూల్చి మూడవ తరగతిలోను, 2018 మార్చిలో సెర్గీ లిపినెట్స్‌ను గెలిచి నాలుగవ తరగతిలోను బిరుదములు పొందెను. 2019 మార్చిలో గాని అతనికి మొదటి యోటమి కలుగలేదు. కాని అతనికి తండ్రియు అన్నయు శిక్షకులు. అప్పటికే కొంత గడించినవాడు. న్యాయవాదికి రుసుము ఇచ్చుకొనగలిగినవాడు. తేలి ఒడ్డునకు చేరినవానిని చూపి, ఏటిలో లోతు లేదనుట తగునా?

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1852లో జోహానా వాగ్నర్ అను గాయని లండనులో ఒక నాటకశాలకు పాడెదనని ఒప్పుకొని, ఎక్కువ పైకమునకై మఱియొకచోట పాడబోయెను. మొదటిచోట పాడుమని తాము బలవంతపెట్టజాలమనియు, ఆ కాలములో మఱియెచటను పాడరాదని మాత్రము శాసింపగలమనియు న్యాయస్థానము తీర్పు చెప్పెను. మూడు నెలల ఒప్పందమునకు ఆ తీర్పు సమంజసమే. కాని అదే తర్కమును సంవత్సరములకు సాగదీసినచో, పాడకుండుటో యజమాని పాదములు పట్టుటో తప్ప గతి యేమున్నది? 1989లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానము నైజెల్ బెన్ అను ముష్టియోధుని విషయమున ఈ సంగతి గ్రహించినది. తన వ్యాపారభారమును వహించినవానియందు నమ్మకము సడలి అతడు మఱియొకని నాశ్రయింపగా, మొదటివాడు ఆ క్రొత్తవానిపై నిషేధపుటుత్తరువు కోరెను. విశేషనైపుణ్యము, పరస్పర విశ్వాసము కావలసిన వృత్తిలో దీర్ఘకాలపు నిషేధము బలవంతపు చాకిరియే యగునని తలచి, న్యాయస్థానము ఆ యుత్తరువును నిరాకరించెను.

గార్సియా పుట్టిన కాలిఫోర్నియాలోనే 1944లో ఒలీవియా డి హావిలాండ్ అను చలనచిత్రనటి తన సంస్థపై గెలిచిన వ్యాజ్యమును సైతము స్మరింపదగును. ఇచ్చిన వేషమును ఒప్పుకొనని నటిని పనినుండి నిలిపివేయుట, నిలిపిన దినములనెల్ల ఒప్పందకాలమునకు కలుపుట ఆనాటి యాచారము. ఏడు సంవత్సరములనగా క్యాలెండరు ప్రకారము ఏడు సంవత్సరములే, అంతకుమించి మనిషిని కట్టియుంచరాదని న్యాయస్థానము తేల్చెను. 2000లో అమెరికా ప్రభుత్వము ముహమ్మదాలీ పేర చేసిన చట్టము, పెద్ద పందెములాడు యోధునికి ప్రమోటరే మేనేజరుగా నుండరాదనియు, పందెమువలన వచ్చిన రాబడిని యోధునికి తెలియజేయవలెననియు విధించెను. మన దేశమున 1872నాటి ఒప్పందముల చట్టము 27వ విభాగము, మనిషి వృత్తికి అడ్డుకట్ట వేయు కరారు చెల్లదనుచున్నది. క్రికెటు క్రీడాకారుడు జహీర్ ఖాన్‌తో మూడేండ్ల ఒప్పందము చేసికొన్న యొక సంస్థ, గడువు తీరిన పిమ్మటను ఇతరుల బేరమును ముందు తనకే చూపవలెనని పట్టుపట్టగా, 2006లో సుప్రీంకోర్టు ఆ విభాగమునుబట్టియే సంస్థ కోరికను త్రోసిపుచ్చినది.

ఇంత చట్టముండియు చిక్కు ఏల తీరదు? గార్సియా వ్యాజ్యమునాటికి అలీ చట్టమునకు పదునాలుగేండ్లు. అయినను అతడు 917 దినములు కూర్చుండవలసివచ్చెను. చట్టము తలుపు తెఱచును. కాని తెఱచు లోపల గడచిన రాత్రిని పగలు చేయజాలదు. మన పురాణమున వినత యొక గుఱ్ఱపు తోక రంగునుగూర్చి పందెమొడ్డి కద్రువకు దాసి యయ్యెను. తోకను నల్లపఱచినవారు కద్రువ బిడ్డలే. మోసమని తరువాత తెలిసినను దాస్యము తొలగలేదు. గరుత్మంతునివంటి కొడుకు అమృతము తెచ్చువఱకు ఆమె మోయవలసినవారిని మోసినది. అందఱి యిండ్లలోను గరుత్మంతులుండరు. కావున కాపాడుకొనవలసిన వేళ సంతకమునకు ముందే గాని వెనుక కాదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న నేమి ఫలము?

ఇంతవఱకు ఇతరుల సంగతి చెప్పితిమి. ఇక మాది.

పదుమూడేండ్ల క్రిందట మేము పనిచేసిన ప్రైవేటు పాఠశాలలో ఈ శిష్యుడు తొమ్మిదవ తరగతి బాలుడు. తండ్రి బియ్యపుమిల్లులో హమాలీ. బాలుడు జిల్లాపోటీలలో మొదటివాడుగా రాగానే యాజమాన్యమువారు అతని ఫోటోను గోడపత్రికలపై వేయించి, ఇంటర్మీడియటు వఱకు ఉచితముగా చదివించెదమని రెండు పుటల కాగితమును తండ్రికిచ్చిరి. అతడు దానిని మా యొద్దకు తెచ్చి, “ఇంగ్లీషు తమరికే తెలుసు బాబూ. తమరు పెట్టమంటే పెడతాను” అనెను. మేము చదివితిమి. నడుమ మానినచో అన్ని సంవత్సరముల రుసుమును చెల్లించవలెననియు, అంతవఱకు సర్టిఫికెట్లు సంస్థయొద్దనే యుండుననియు మూడవ షరతులో నుండెను. దానిని మేము చూచితిమి. ఉచితముగా చదువుచున్నవాడు ఏల మానును అనుకొంటిమి. “చదువు ఊరకే అని వ్రాసియున్నది. పెట్టు” అంటిమి. అతడు తెలుగులో తన పేరును కష్టపడి కూడబలుకుకొని వ్రాసెను.

మఱుసటి యేడు పదవ తరగతి ముగియగానే బాలునికి ప్రభుత్వక్రీడావసతిలో చోటు దొరకెను. బదిలీ సర్టిఫికెటు కావలెను. అప్పటికి మేమే ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయులము. బీరువా తాళపుచెవి మా సొఱుగులో నుండెను. యాజమాన్యమువారు షరతును చూపి, డబ్బు కట్టనిదే ఇయ్యవలదనిరి. జూను నెలయంతయు ఆ తండ్రి మిల్లు పని మాని వచ్చి వరండాలో నిలుచుండెడివాడు. మేము లేదనలేదు. “రేపు రమ్ము” అనుచుంటిమి. ఊరి పెద్ద యొకరు కల్పించుకొనగా నవంబరులో ఆ కాగితము చేతికి వచ్చెను. అప్పటికి ఆ చోటు మఱియొకరికి పోయెను. మఱుసటి యేడు వయస్సు దాటెను.

మేము అబద్ధమాడలేదు, లంచము పుచ్చుకొనలేదు, నియమమును పాటించితిమి. ఈ మాటను పండ్రెండేండ్లు మాకు మేమే చెప్పుకొంటిమి. సంస్కృతము చదివి, ఆంగ్లము చదివి, ధర్మసూక్ష్మములను పిల్లలకు బోధించుచు, ఒక హమాలీకి మూడవ షరతును తెలుగులో చెప్పుటకు మాకు నోరు రాలేదు. విద్యావంతుని పాపము తఱచుగా ఇట్లే యుండును. అతడు గొంతు కోయడు. చదువవలసిన పంక్తిని పైకి చదువడు.

ఆనాటి సాయంకాలము ఫోను చీకటిపడగానే మే మాగలేక ఆ సంగతి యంతయు శిష్యునికి చెప్పివేసితిమి. అతడు కొంతసేపు కాఫీగ్లాసును త్రిప్పుచు కూర్చుండి, “తెలుసండి మాస్టారూ. కాగితం నాన్న దగ్గరే ఉంది. ఇంటరు చదివేటప్పుడు నేనే చదువుకున్నాను” అనెను. మఱియు, “ఆయనకు రెండున్నరేళ్లు పోయినా బరి అక్కడే ఉందండి” అని చెప్పి ఊరకుండెను. ఆ మాటలో కోపము లేదు. ఉండినచో మాకు తేలికగా నుండెడిది.

పిమ్మట ఆ బాలిక పత్రమును మా ముందునకు త్రోసెను. అన్నియు తెలిసి మా యొద్దకే ఏల తెచ్చితివని మే మడుగలేదు. పదునాలుగు పుటలు. రెండు సాయంకాలములు కూర్చుండి ప్రతి పంక్తిని తెలుగులోనికి మార్చి వ్రాసితిమి. చివర తండ్రి అడుగవలసిన ప్రశ్నలు నాలుగు చేర్చితిమి. ఈ కట్టుబాటు ఏ తేదీన ముగియును, తగవు దినములను గాయపు దినములను దానికి కలిపెదరా? ఏడాదిలో ఇన్ని పోటీలైన చూపనిచో పిల్లకు విడుదల కలదా? పిల్ల పక్షమున మాటలాడువాడు సంస్థ జీతగాడు కాకుండ వేఱొకడు కలడా? అసలు సర్టిఫికెట్లను ఎవరికిని ఇయ్యకుండ నకళ్లతో పని జరుగునా? ఈ పత్రిక చదువు గృహస్థులు తమ బిడ్డల ఆటకో పాటకో కొలువునకో సంతకము చేయునపుడు ఈ నాలుగు ప్రశ్నలను వాడుకొందురుగాక. చదువురాని పొరుగువాడు కాగితము పట్టుకొని గుమ్మమెక్కినచో, తీఱిక లేదనకుందురుగాక.

మూడవనాడు ఆ బాలికతండ్రి స్వయముగా వచ్చెను. ఆటో నడుపువాడు. తెలుగుప్రతిని వ్రేలితో పట్టి చదువుకొనుచు, నడుమ ఆగి ఆగి మమ్ము ప్రశ్నించుచుండెను. సంస్థవారు అయిదేండ్ల గడువు కోరియుండిరి. తగవు దినములను కలుపుదుమనియు నొక మూల నున్నది. ఆ పంక్తికడ అతని వ్రేలు నిలిచెను. మేము దానిని రెండుమారులు పైకి చదివితిమి. అతడు కాగితములను మడిచి, “అడిగి వస్తానండి” అని లేచెను. ఇప్పటికి సంతకము పెట్టలేదు.